ఆఖరి సీటీ

సారే. ఒట్టి సింతపండు సారు. సూస్తే తెలీడం లేదేటి? పప్పు లేదు, కూర లేదు. కంచం కేసి అలగ సూస్తే కూర మొలుస్తాదేటి బావా? కలుపుకో.

నువ్వే గదా ఖర్చు తగ్గించమన్నావు. తగ్గించేను. నిరుడు తిత్లీ తుపాను గాలి ఒచ్చెల్లిన కాడ్నుంచి ఇంట్లో ఇదే గోల. "తవిటీ, లైటు ఆపు. తవిటీ, మనిసి లేని గదిలో ఫేనెందుకే?" మనిసున్న గదిలో కూడా ఆపీసేను. ఇంకేటి సెయ్యమంటావు?

అర లీటరు పాలు పావు లీటరు సేసేను. కేబులు తీయించీసేను. గేసు బండ ఉంటే ఉన్నాదనీసి పుల్లల పొయ్యి మీద వండేను, ఇప్పటికీ దగ్గితే పొగే ఒస్తాది. సంతకి ఆటో ఎక్కలేదు, ఎండలో నడిసేను. సేపలంటే ఎండు మెత్తళ్ళే, అవీ ఎప్పుడో ఒక పాలి. ఎందుకని అడిగేనా నిన్ను? ఒక్కపాలి అడిగేను. "రైతులు బాకీలు ఇవ్వడం లేదే, ఎరువుల కొట్టు నడవడం లేదు, అంతే" అన్నావు.

అంతే అన్నావు. నాను అంతే అనుకున్నాను.

గాలికి సేను పడిపోయింది, రైతుల కాడ లేదు, ఆల్ల కాడ లేపోతే మనకాడా లేదు. ఇందులో ఎవుల తప్పున్నాది? ఒక యేడు కడుపు కట్టుకుంటే మల్లీ లేస్తాం అనుకున్నాను. నీ మీద జాలి పడ్డాను బావా. ఇప్పుడు అదే మండతంది నాకు. కోపం కాదు, నిన్ను సూసి జాలి పడ్డానే, అది మండతంది.

ఫోను మోగతంది సూడు. ఎత్తవేటి?

కట్ సేసీసేవు. ఎవుడాడు? కంపెనీ వోడా? కంపెనీ వోల్లు మద్దినం బువ్వ తినేయేల ఫోన్లు సేస్తారేటి?

సర్లే. తింటూ ఇను. నువ్వేటీ సెప్పక్కర్లేదు. ఇన్నాల్లూ సెప్పనోడివి ఇయ్యేల కొత్తగా ఏటి సెప్తావు? నానే సెప్తాను. పొద్దున్న నాను కూర్మమ్మ ఇంటికి ఎల్లేను.

ఆ! ముద్ద అక్కడే ఆగిపోయిందేటి? మింగు. నీల్లు తాగు.

మార్కెట్టు ఈదిలో మేడ మీద సీటీలేసే కూర్మమ్మ. నీకు తెలీదు గదా మరి! ఆడోల్ల సీటీ, మొగోల్లని గుమ్మం ఎక్కనివ్వదు. మొగోల్లు పాడిన సీటీకి డబ్బులు రావు, తగువులొస్తాయి అంటాది. ఆవిడ కాడ నాకొక సీటీ ఉన్నాది బావా. ఉండేది. ఇయ్యేల పొద్దున్న దాకా ఉండేది.

అలగ సూడకు. నువ్వొక్కడివే దాసేవనుకున్నావా? నానూ దాసేను. యాభై వేల సీటీ, పాతిక మందిమి, నెలకి రెండేసి వేలు. సేరినప్పుడు కొట్టు బాగానే నడిసేది, నువ్విచ్చే ఇంటి ఖర్చులో మిగిల్చి కట్టీసేదాన్ని. తరవాతే కష్టమైపోయింది. నువ్వు కోసిన దాంట్లోంచి నాను మల్లీ కోసేను. పావు లీటరు పాలన్నాను గదా, అవి కూడా రోజూ కొన్నాననుకుంతన్నావేటి? నీ పెరుగులో గంజి కలిపి పోసేను. "ఇయ్యేల పెరుగు సిక్కగా ఉన్నాదే" అనీసి మెచ్చుకున్నావు కూడా. నువ్వు కొట్టుకెల్లేక టైలరు కాడ జాకిట్లు తెచ్చుకోని హుక్కులు కుట్టేను. కళ్ళు లాగీసేవి. నువ్వడిగితే పొయ్యి పొగ అనీదాన్ని.

నీకెందుకు సెప్పలేదంటావా? సెప్తే కొట్టులో పెడదాం అంటావు. కొట్టు నోరు పెద్దది. మన గుంట బిందు ఫీజు సంగతి ఎవులు సూస్తారు మరి? విజయనగరంలో నర్సింగులో ఏసీసి వొచ్చేం, మొదటి యేడాది నా గాజులు, నా సెవులవీ ఎల్లిపోయినాయి. రెండో యేడాదికి నా ఒంటి మీద ఏటున్నాది అమ్మడానికి, పుస్తెలు తప్ప? అందుకే ఆ సీటీ దాని ఫీజుకని అట్టేపెట్టేను. నీకు సెప్పకండా ఫీజు కట్టీసి, ఇంటికొచ్చి, నీ ఎదురుగా కూకోని, "కట్టీసేను బావా" అందామనుకున్నాను. అప్పుడు నీ మొకం ఎలగుంటాదో సూద్దామనుకున్నాను. ఎర్రిమొకం దాన్ని, ఇంతకన్నా ఏటున్నాది.

సీటీ అంటే ఏటో నీకు నాకన్నా బాగా తెలుసు, ఇప్పుడు తెలిసింది నాకు. అవసరం ఉన్నోల్లు ముందే ఎత్తుకోవాలంటే పాడాల. అందులో ఎంత వొదులుకుంటావో సెప్పడమే పాట. ఎవులెక్కువ వొదులుకుంటే సీటీ ఆల్లది. ఆల్లు వొదులుకున్నది మిగతా వోల్లందరికీ పంచుతారు. పాడకండా ఆఖరి దాకా ఆగినోల్లకి మొత్తం ఒస్తాది. నాను ఆగేను. రెండేల్లు ఆగేను.

ఇయ్యేలే ఆఖరి సీటీ. ఆ రోజు కూర్మమ్మ అందరికీ బూందీ లడ్డు పెడతాది. నా సేతిలో లడ్డెట్టి, "లోపలికి రా తల్లీ" అంది. లోపల ఫేనేసింది. అప్పుడే అనుమానం రావాల నాకు. కూర్మమ్మ ఊరికే ఫేనేస్తాదేటి ఎవులికైనా?

ఇరవయ్యెనిమిది వేలు నా ఒడిలో పెట్టింది.

ఇదేటమ్మా, నీ కమీసను పోయినా ఇంకా ఇరవై రావాల గదా అన్నాను. "లచ్చనమ్మ బాకీ పట్టుకున్నాను తల్లీ" అంది.

లచ్చనమ్మెవులు? మన కొట్టులో మూటలు మోసే సోములు పెల్లాం. దాని బాకీకీ నాకూ ఏటి సమ్మందం? మా కొట్టులో పన్జేసే వోడి పెల్లాం అనీసి నా డబ్బులు పట్టుకుంటావేటి అన్నాను. గట్టిగానే అరిసేను. వాకిట్లో ఆడోల్లు లడ్డు నవలడం ఆపీసేరు.

కూర్మమ్మ గొంతు పెరగలేదు. "ఎర్రి తల్లీ, లచ్చనమ్మకి యాభై వేల సీటీ ఎక్కడిదే? పేరు దానిది, సీటీ మీ జగన్నాధానిది. పాడిందీ అతనికే, డబ్బులెత్తుకున్నదీ అతనే. ఎత్తుకున్నాక నాలుగు నెలలు కట్టేడు, మరి లేదు. నువ్వూ అతనూ ఒక్క ఇల్లే గదా. ఈ సేత్తో నీకిచ్చి ఆ సేత్తో అతన్ని అడుక్కోడం ఎందుకు సెప్పు?" అంది.

సూసేవా నాయం! రెండేల్లు మనిద్దరి డబ్బులూ లెక్కెట్టుకుంది. నీ సంగతి నాకు సెప్పలేదు, నా సంగతి నీకు సెప్పలేదు. ఇద్దరి కాడా కమీసను తింది. ఆవిణ్ణని ఏటి లాభంలే. దాసమని మనమే అడిగేం, ఆవిడ దాసింది.

నా ఒల్లు ఎందుకు మండిందో తెలుసా? లచ్చనమ్మ సీటీలో మొదట్నుంచీ ఉన్నాది. మొదట్నుంచీ అంటే, గాలికి ముందే. అంటే తుపానుకి ముందే నువ్వు మునిగున్నావు. పాపమంతా ఆ గాలి మీదకి తోసీసేవు.

ఇంకోటి. మూటలు మోసే వోడి పెల్లాం నెలకి రెండు వేలు ఎలగ కడతందా అని నాకు అనుమానం రాలేదేటి? ఒచ్చింది. సోములు కొట్టులో ఏటో కాజేస్తన్నాడు, కనిపెట్టి ఉండు అనీసి నీకు సెప్పేను. గుర్తున్నాదా? ఈ గుమ్మంలోనే సెప్పేను. నువ్వు "సూస్తాన్లే" అన్నావు. ఆడు దొంగ కాదని ఒక్క ముక్క అన్లేదు. నీ అప్పు కోసం ఆడు నా కాడ దొంగైపోనాడు, నువ్వు సూస్తా ఊరుకున్నావు.

ఆడికి రెండు నెల్ల జీతం కూడా ఇవ్వలేదంట గదా. అదీ కూర్మమ్మే సెప్పింది.

ఒప్పుకోను, ఏటి సేస్తావు అన్నాను ఆవిడతో. "ఏటీ సెయ్యను. నీ డబ్బులు నీకిచ్చీసి లచ్చనమ్మ ఇంటికెల్తాను. పేరు దానిదే గదా. సూడి ఆవొకటున్నాది దాని కాడ" అంది.

లచ్చనమ్మ గుమ్మంలోనే నిలబడుంది బావా. లడ్డు తినలేదు, పిల్లలకి కొంగున కట్టుకుంది. నా కేసి సూడలేదు, కాల్ల కేసి సూసుకుంటంది. నాను దాన్ని ఏటనాల? జీతమిచ్చే వోడు పేరిమ్మంటే అది ఇవ్వననీసి అంటాదేటి?

ఒప్పీసుకున్నాను. దాని ఆవు కోసం. నీ కోసం కాదు, సెవిలో ఏసుకో. నీ పరువు కోసం అసలే కాదు.

మల్లీ మోగతంది. ఎత్తు. ఎత్తి నా ముందర మాటాడు. స్పీకరెట్టు.

ఎత్తవు. నాకు తెలుసు ఎత్తవు.

ఎన్నున్నాయి బావా? ఒక్కపాలే సెప్పీ. ఇయ్యేలొకటీ రేపొకటీ సెప్పకు. ఒక్కొక్కడు గుమ్మంలోకొచ్చి ఒక్కో అప్పు సెప్తే నాను ఇనలేను. సీపురుపల్లిలో వడ్డీ వోడి కాడ ఒకటున్నాదంట, అది నాకు తెలిసింది. ఎంత?

ఎంతా?

ఓలమ్మ. ఆడికి నెలకి వడ్డీయే అంతైతే మనం తిండి మానీసినా సరిపోదు గదా బావా! నాను పావు లీటరు పాల కాడ కొట్టుకుంతన్నాను. ఇంకా? డీలరుకి? సరే, అది ఉంటాదనుకున్నాను. ఇంకా? గట్టిగా సెప్పు, నోట్లో మెతుకులు లేవు గదా ఇప్పుడు. ఏటీ? కొట్టా? కొట్టు మీదా?

అది మీ నాన్న కట్టిన కొట్టు.

సరే. సరే. ఉండు. ఊపిరి తీసుకోనీ.

ఇదే గాలి ఒచ్చిన రోజు సెప్పుంటే ఏటయ్యేది సెప్పు? ఏడిసేదాన్ని. తిట్టేదాన్ని. రెండు రోజులు నీతో మాటాడకపోదును. మూడో రోజు మనిద్దరం కూకోని ఏది ముందు తీర్సాలో సూసుకుందుం. సీటీ ఉన్నాది నా కాడ అని నానూ సెప్పుదును. నువ్వేమో నన్ను లైటాపమన్నావు. ఇల్లు తగలడతంటే దీపం ఆపమన్నట్టు.

కోత ఆపను బావా. రేపట్నుంచి మల్లీ మొదలెడతాను. ఈపాలి నా వంటింట్లోంచి కాదు, అక్కడ కొయ్యడానికేటీ లేదు, సూస్తన్నావు గదా. ముందు నీ బండి. ఇంట్లో ఈగల మోత, ఈదిలో పల్లకీ మోత! అమ్మీసి సైకిలు తొక్కు. హైవే మీద డీలర్లకి టీలు, సిగరెట్లు నువ్వే పోయించడం మానీ. కొట్టు ముందు గది ఎవులికైనా అద్దెకిచ్చీ. ఎనక గది సాలు ఎరువులకి. గల్లా కాడ నాను కూకుంటాను. ఎవుడికి అరువిస్తన్నావో ఆడి మొకం నాను సూడాల. సోములు జీతం ముందు ఇచ్చీ, సీపురుపల్లి వోడి కన్నా ముందు.

కోపమొచ్చిందేటి? రానీ. నాకొచ్చిన దాంట్లో పావలా వొంతు లేదు నీది.

లేకు. కూకో. ఇంకా అయిపోలేదు.

ఇది సెప్పక్కర్లేదు నాను. కూర్మమ్మ సెప్పదు, ఆవిడకి రోజూ సూసే భాగోతమే. లచ్చనమ్మకి నోరు లేదు. సెప్పకపోతే నీకు సచ్చేదాకా తెలీదు. కానీ నీ కడుపులోవన్నీ కక్కించి, నాది నాను మింగి కూకుంటే ఆ కంచం నీకు పెట్టే సెయ్యి నాకెక్కడుంటాది?

లచ్చనమ్మ పాడిన రోజు నాను అక్కడున్నాను.

నిరుడు సంకురాత్రికి నెల ముందు, నెలగంట పెట్టిన కొత్త. గాలి ఎలిసి రెండు నెలలు. అందరం అవసరంలోనే ఉన్నాం, అయినా ఆ నెల ఎవులూ నోరు మెదపలేదు. లచ్చనమ్మ ఒక్కతే లేసి, ఐదు వేలు వొదులుకుంటానంది. ఇంకెవులూ పాడకపోతే ఐదు వేలకే ఎల్లిపోయేది. నీకు నలబయ్యైదు ఒచ్చును.

నాను ఏడు వేలన్నాను.

నాకు సీటీ అక్కర్లేదు బావా. అందరూ సేసే పనే అది. అవసరం ఉన్నోల్లని కనిపెట్టి పాట పెంచాల. ఆల్లు ఎంత వొదులుకుంటే మనకంత పంపకం. దాని మొకం సూస్తేనే తెలిసిపోయింది, ఇది ఎంతకైనా ఒస్తాదని. అది ఎనిమిదంది. పదన్నాను. మాటికీ మాటికీ మెట్ల కేసి సూసేది. కిందకెల్లి మల్లీ ఒచ్చేది. ఎవుల్ని అడగడానికెల్తందో నాకేటి తెలుసు?

కింద నువ్వున్నావేటి?

ఉన్నావా. బండి మీదా? సందు సివరా?

ఓలమ్మ, ఓలమ్మ.

నాను మేడ మీద, నువ్వు సందులో. మద్దిలో అది మెట్లెక్కతంది, దిగతంది. పన్నెండంది, పదిహేనన్నాను. పక్కనోల్లు నన్ను మోసేతో పొడిసేరు, ఇంకా పెంచు తవిటమ్మా అనీసి. పంతొమ్మిదన్నాను. నవ్వుతా అన్నాను బావా. అది మెట్లు దిగి, ఎక్కి, ఇరవై అంది. అప్పుడాపేను. ఆ పైన అంటే సీటీ నాకే తగులుకుంటాది. ఆ లెక్క మాత్రం బాగా తెలుసు నాకు.

ఎవుడో పీకల్లోతు మునిగిన వోడు ఉన్నాడు దీని ఎనక, లేపోతే యాభై వేల సీటీ ముప్పయ్యికి ఒప్పుకుంటాదేటి, ఆడి పెల్లాం పిల్లలు ఏటై పోతారో అనీసి మెట్లు దిగుతా అనుకున్నాను కూడా. జాలిగానే అనుకున్నాను. డబ్బులు కొంగున ముడేసుకోని అనుకున్నాను.

నీ ఇరవై వేల్లో నా వొంతుకి ఏడొందల సిల్లర ఒచ్చింది. ఎన్నాల్లైందో మంచి సేప తిని, మా బావ మొకం పీక్కుపోయింది అనుకోని, దార్లో సేపల బజారుకెల్లేను. కళింగపట్నం సందువ. బేరం కూడా ఆడలేదు. పులుసెట్టేను.

గుర్తొచ్చిందా.

డబ్బులెక్కడివే అన్నావు. మా తమ్ముడు ఉపేంద్ర ఒచ్చి ఇచ్చెల్లేడన్నాను. తల ముక్క నీకే ఏసేను, నడుం ముక్కా నీకే ఏసేను. వొంగోని తిన్నావు. కళ్ళంట నీల్లు కారతంటే కారం ఎక్కువైపోయిందేటి బావా అన్నాను. "లేదే, బాగుంది" అన్నావు. ఎంత బాగుందో! ముల్లు కూడా వొదల్లేదు నువ్వు.

అది నీ డబ్బే బావా. సందులో నిలబడి నువ్వు వొదులుకున్నది, మేడ మీద కూకోని నాను వొదిలించింది. అదే ఉడకబెట్టి నీకు పెట్టేను.

ఏడవకు. అన్నం ముందేసుకోని ఏడవకూడదు. నానూ ఏడవడం లేదు సూడు.

ఆ నాలుగు మెతుకులూ తినీసి సెయ్యి కడుక్కో. మజ్జిగ అడక్కు, లేదు. మూడింటికి విజయనగరం బస్సున్నాది. ఈ ఇరవయ్యెనిమిదీ పట్టుకెల్లు. నెలాకర్లోగా మొత్తం కట్టకపోతే పరీక్షకి కూకోనివ్వమన్నారంట, బిందు మొన్న ఫోన్లో సెప్పింది. మిగతాది ఎప్పుడు కడతావో కాలేజీ వోల్లకి నువ్వే సెప్పుకో. గుంటకీ నువ్వే సెప్పు. నాను సెప్పను. దాని ఎదురుగా నిలబడి, తల దించుకోకండా సెప్పు.

అప్పులు సెప్పు. కొట్టు సంగతి సెప్పు. సీటీ సెప్పు. మీ అమ్మే పాట పెంచిందని అదీ సెప్పు, ఏటీ దాయకు, ఈ ఇంట్లో దాసింది సాలు.

ఆ సందువ సంగతొక్కటీ సెప్పకు.

ఆ పులుసు తిన్న సాయంత్రం అది హాస్టల్ నుంచి ఫోన్ సేసింది. అమ్మా, ఇయ్యేల ఏటి కూర అంది. దానికి అక్కడ నీల్ల పప్పే గదా, నోరూరుతాదనీసి, సారే తల్లీ అన్నాను.